గుమ్మంలో చూడని దారం

పోయినవారం మీరు నన్ను మా వంటగది గట్టు పక్కన నిలబెట్టి వెళ్ళారు. చేతిలో మా అమ్మాయి పెట్టిన అట్టపెట్టె ఉంది, మనసులో ఎనిమిది నెలలుగా దాచుకున్న రహస్యం ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు ఈలోగా కాఫీ కలుపుకోవచ్చు.

నేను బట్టల మరమ్మతు దుకాణంలో రఫ్ఫు పని చేస్తాను. చిరిగినచోటా కాలినచోటా అదే నేతలో పోగు మీద పోగు అల్లి, అక్కడ అసలేమీ జరగలేదనిపించడం నా వృత్తి. ఈ పనికి ముందు కళ్ళు, తరువాతే చేతులు. ఆ కళ్ళే నాకు మసకబారుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. పంతొమ్మిదేళ్ళ కిందట ఇదే దుకాణంలో, నాకు పని నేర్పిన పెద్దమ్మ ఆకుపచ్చ చొక్కాకి గోధుమరంగు దారం వేసింది. కొత్తగా పని వచ్చిన పొగరులో నేను అందరి ముందూ "కళ్ళు కనబడట్లేదా పెద్దమ్మా?" అని నవ్వాను. ఆవిడ సూదుల డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఏ ఊళ్ళో ఉందో, అసలు ఉందో లేదో ఈనాటికీ మాకు తెలియదు.

అదీ సంగతి. ఇక పెట్టె విప్పుదాం.

"చవకదే అమ్మా, ఏమనుకోకు," అంది మా అమ్మాయి. కొత్తగా ఉద్యోగంలో చేరింది, తనకి చెప్పుల జత కొనుక్కోకుండా నాకు ఫోను కొంది. ఏమనుకోవాలట నేను! ఇరవై ఏళ్ళుగా మీటలు అరిగిపోయిన డొక్కు ఫోనుతో కాపురం చేసినదాన్ని. పెట్టె మూత తీస్తే గాలిని పీల్చుకుంటున్నట్టు మెల్లగా వచ్చింది. లోపల కొత్త వాసన. అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే అమ్మాయి చర్రున లాగెయ్యబోయింది. చేతి మీద ఒకటి వేశాను. ఆ పొర నేనే లాగాను, అంచు నుంచి అంచుకి, ఎక్కడా తెగకుండా. చిన్నప్పుడు కూడా ఇంత సంబరం ఎరగను.

మూడు రోజులు వాడాక నా అభిప్రాయం చెబుతాను, నేనేమీ గొప్ప తెలిసినదాన్ని కాకపోయినా. ఫోను వీపు నున్నగా మెరుస్తుంది, వేలు పెడితే చాలు మరక. చేతికి కాస్త బరువు. ఒకసారి ఛార్జింగ్ పెడితే రెండు రోజులు వస్తుంది, అందుకు దానికి దణ్ణం పెట్టాలి. గొంతు మాత్రం సంతలో గొంతు. అవతలివాళ్ళు మాట్లాడితే పక్కగదిలో ఉన్నవాళ్ళు జవాబు చెప్పొచ్చు. రెండు పనులు ఒకేసారి చెబితే తికమకపడి తెల్లమొహం వేస్తుంది. దానికీ నా వయసే ఉన్నట్టుంది, ఒకటి అయ్యాకే ఇంకొకటి చెప్పాలి. ఎండలో ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి. వెలుతురు తక్కువైతే రంగులు మాసిపోతాయి. ఈ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు గనకే ఈ వారం కథ నడిచింది.

తాళం దగ్గర మాత్రం నాకూ దానికీ కుదరలేదు. వేలు పెడితే తెరుచుకుంటుందట. నా వేళ్ళు సూదిపోట్లతో అరిగి, గట్టిపడి, గీతలన్నీ చెరిగిపోయాయి. ఎడమది పెట్టాను, కుడిది పెట్టాను, బొటనవేలు పెట్టాను. "మళ్ళీ ప్రయత్నించండి" అని రాసి చూపిస్తుంది తప్ప నన్ను మనిషిగా ఒప్పుకోదు. అంకెలు పెట్టుకుంటే పొద్దునకల్లా మరిచిపోయాను. అమ్మాయి విసుగెత్తి తాళమే తీసేసింది.

"పోనీలే అమ్మా, నీ ఫోన్లో దాచుకోవడానికి ఏముంది?" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. దాచుకోవలసినదంతా ఆ సాయంత్రమే అందులో చేరడం మొదలైంది.

ఎలాగంటే, ఫోటో తియ్యడం నేర్పుతానని అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి నవ్వింది. తీశాను. "రెండు వేళ్ళతో ఇలా విడదియ్యి, పెద్దదవుతుంది," అంది. విడదీశాను. అమ్మాయి కంటి కింద చిన్న పుట్టుమచ్చ కనబడింది. పుట్టినప్పటి నుంచీ ఉన్న మచ్చే. ఎనిమిది నెలలుగా నాకు కనబడలేదు, కనబడటం లేదన్న సంగతి కూడా నాకు తెలియలేదు. ఏడుపు ఆగలేదు. అది ఫోను నచ్చి ఏడుస్తున్నానని అనుకుంది పిచ్చిపిల్ల. నచ్చింది కూడాను.

ఆ తరువాత నా చేతికి అడ్డు లేకపోయింది. బస్సు మీద ఊరి పేరు ఫోటో తీసి పెద్దది చేసుకుని ఎక్కాను. మాత్రల అట్ట మీద అక్షరాలు తీశాను. సూది బెజ్జం తీశాను, ఒకసారి కాదు, పాతిక సార్లు. గుడ్డ మీద ఫోను పట్టుకుంటే ఒక్కొక్క పోగూ చాంతాడంత లావున కనబడింది. గుడ్డికన్నా మెల్ల నయం అన్నారు, నాకు మెల్ల కాదు, ఏకంగా డేగకన్నే దొరికిందనుకున్నాను. దుకాణంలో నా సూదుల దిండు కూడా ఒక పొద్దున ఫోటో తీసుకున్నాను, దారం ఎక్కించినవి ఎన్ని ఉన్నాయో చూసుకుందామని. పన్నెండుకి పన్నెండూ ఎక్కించి ఉన్నాయి. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు మర్నాటికి సూదులు సిద్ధం చేసుకోవడం నా అలవాటు. కళ్ళు మసకబారాక కూడా తడుముకుంటూ ఆ పని మాత్రం తప్పకుండా చేస్తున్నందుకు నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

ఇలా ఉండగా కోటు వచ్చింది. క్లారినెట్ వాయించే ఒకాయన తెచ్చారు. వాళ్ళ నాన్నగారు కచేరీలకి వేసుకున్న ముదురు నీలం కోటు. రేపు ఈయన మొదటిసారి అది వేసుకుని నాన్నగారి బృందంలోనే కూర్చోబోతున్నారు. సరిగ్గా గుండెల మీద నిప్పురవ్వ పడి బఠాణీ గింజంత చిల్లి. మామూలుగా అయితే కోటు లోపలి మడతలోంచి దాని పోగులే దానికి తీసి వేస్తాను. ఈ కోటు ఇదివరకే రెండుసార్లు వదులు చేసినది, మడతలో గుడ్డే మిగల్లేదు. డబ్బాలోంచి దారం ఎంచుకోవలసి వచ్చింది.

మా దుకాణం యజమాని, మాస్టారు, ఆయనకి ఒక నియమం ఉంది. దుకాణం పన్నెండు మెట్ల పైన ఒకే గది. కిటికీ వెనకవైపు గోడకి తెరుచుకుంటుంది, వెలుతురంతా వీధి గుమ్మంలోంచే. దారం రంగు ఎవరైనా సరే గుమ్మంలో నిలబడి చూసి తియ్యాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కూడా అలాగే తీస్తున్నారు. నిన్న మధ్యాహ్నం నేను మాత్రం లేవలేదు. కుర్చీలో కూర్చునే కోటు మీద ఫోను పెట్టాను, రీళ్ళ మీద ఫోను పెట్టాను, అద్దంలో రెండూ ఒకే రంగు కనబడ్డాయి. అల్లాను. ఎంత బాగా వచ్చిందో! చిల్లి ఎక్కడో నా వేళ్ళకే తెలియలేదు.

ఇవ్వాళ మధ్యాహ్నం మాస్టారు కోటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. మూలన కూర్చుని కాజాలు కుడుతున్న మా ఆడబిడ్డ సూది ఆగింది. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ మా ఆడబిడ్డ విషయంలో సగం కాదు, అంతకంటే ఎక్కువే. నా కంటే చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. పొద్దున మెట్లెక్కిన దగ్గర నుంచి సాయంత్రం దిగేదాకా మా ఇద్దరికీ ఏదో ఒకదాని మీద పోట్లాటే.

"ఏమ్మా, ఈ కోటు ఏ రంగు?" అన్నారు మాస్టారు.

"నీలం మాస్టారూ."

"నువ్వు వేసిన దారం?"

"నీలమే."

"గుమ్మంలో చూసి తీశావా?"

"చూశాను," అన్నాను. అబద్ధం నోట్లోంచి జారాక గాని అది అబద్ధమని తెలియలేదు.

"ఇలా రా."

వెళ్ళాను. వెలుతుర్లో కోటు పట్టి చూపించారు. నాకు అంతా ఒకే మసక. ఫోను లేకుండా నేను చూడలేను, ఆయన ముందు ఫోను తియ్యలేను. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"నల్లదారం," అన్నారు ఆయన మెల్లగా. "నీలం కోటు మీద, గుండెల మీద, నల్లటి మచ్చ. పనితనం మాత్రం అద్భుతం. ఇంత బాగా అల్లినదానివి, రంగెలా తప్పావు?"

పంతొమ్మిదేళ్ళ కిందటి ఆకుపచ్చ చొక్కా నా కళ్ళ ముందు ఆడింది. నేను అన్న మాట నాకే వచ్చి తగలబోతోందని ఎదురుచూశాను. ఇరవై మూడేళ్ళుగా కూర్చున్న కుర్చీ వైపు చూశాను. నాకు ఇంకో పని రాదు.

అప్పుడే నా కుర్చీ దగ్గరి బల్ల మీద ఫోను కుయ్యిమంది. "అన్నం తిన్నావా" అని మా అమ్మాయి సందేశం. నాకు అందిద్దామని మాస్టారే వెళ్ళి తీశారు. తాళం లేని ఫోను కదా, వేలు తగలగానే నేను ఆఖరున చూసుకున్న ఫోటో తెరుచుకుంది. సూది బెజ్జం. ఆయన వేలు పక్కకి జరిగింది. ఇంకో సూది బెజ్జం. బస్సు పేరు. మాత్రల అట్ట. మళ్ళీ సూది. మళ్ళీ మళ్ళీ సూది. అంత ఫోన్లో మనిషి ఫోటో ఒక్కటే, నవ్వుతున్న మా అమ్మాయిది.

ఆయన తలెత్తారు. కోపం అనుకున్నాను, కాదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు," అన్నాను.

ఆయన మళ్ళీ ఫోన్లోకి చూశారు. సూదుల దిండు ఫోటో దగ్గర ఆగారు. ఏ కుట్టు ఎవరి చేతిదో వాసన పట్టే మనిషి ఆయన. రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేశారు, ఇంకా పెద్దది చేశారు.

"ఈ దారాలు ఎవరెక్కించారు?"

"నేనేనండి. సాయంత్రం వెళ్ళేముందు..."

"నువ్వు దారం కత్తెరతో కోస్తావు, కొస నున్నగా ఉంటుంది. ఇది పంటితో కొరికిన కొస. పన్నెండూ అంతే."

ఆ దుకాణంలో దారం పంటితో కొరికే మనిషి ఒక్కతే. కొరకొద్దని నేను వెయ్యిసార్లు అరిచిన మనిషి. ఇద్దరం కాజాల మూలకి తిరిగాం. మా ఆడబిడ్డ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోలేదు సరికదా, సూది చొక్కాకి గుచ్చి లేచి నిలబడింది.

"అవును, నేనే. పొద్దున్నే మాస్టారు మెట్లెక్కేలోపు ఎక్కిస్తున్నాను. ఏం, తప్పా?"

"నేను సాయంత్రం ఎక్కించేవో?" అన్నాను.

"నువ్వు ఎక్కించేవి రెండో మూడో ఉంటాయి వదినా. మిగతావన్నీ బెజ్జం పక్కనుంచే పోయేవి. అవి పీకేసి మళ్ళీ ఎక్కించేదాన్ని."

"నీకెలా తెలిసిందే?"

"ఓరోజు నా కాఫీలో పంచదారకి బదులు ఉప్పేశావు. ముందు కావాలనే వేశావనుకున్నాను, నీ మీద నాకు అంత నమ్మకం. తరువాత నీ కాఫీ కూడా నువ్వు మొహం వికారంగా పెట్టి తాగడం చూశాను. అప్పుడు అర్థమైంది."

"మరి చెప్పలేదేం?"

దాని గొంతు మారింది. "చెబితే నువ్వూ మీ పెద్దమ్మలాగా డబ్బా చంకన పెట్టుకుని దిగిపోతావు. నువ్వు పోతే పొద్దస్తమానం నేనెవరితో పోట్లాడాలి?"

ఎనిమిది నెలలు, రోజుకి పన్నెండు సూదులు. అరిచి, మొహం ముడుచుకుని, మూతి తిప్పుకుని, మర్నాడు పొద్దున్నే వచ్చి నా సూదులకి దారం ఎక్కించింది. దాని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంటుందనుకున్నాను, విదిలించుకోలేదు.

మాస్టారు ఫోను బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నారు. "కళ్ళు పోతే డాక్టరున్నాడమ్మా. అబద్ధం చెబితే నేనెక్కడికి తీసుకెళ్ళను? ఇంకెప్పుడూ గుమ్మంలో చూశానని చూడకుండా చెప్పకు."

"చెప్పను మాస్టారూ."

"పంతొమ్మిదేళ్ళ కిందట మీ పెద్దమ్మ ఈ మెట్లు దిగుతుంటే నేను ఇక్కడే నిలబడి చూశాను. అభిమానం చల్లారాక తనే వస్తుందిలే అనుకున్నాను. ఒక్క కేక వేసి పిలవాల్సింది. అప్పుడు పిలవలేదు గనక ఇప్పుడు చెబుతున్నాను, నువ్వు ఎక్కడికీ వెళ్ళడం లేదు. రేపు పొద్దున కళ్ళ డాక్టరు దగ్గరికి వెళదాం, నేనూ వస్తాను. ముందు ఆ నల్లదారం ఊడదియ్యి. ఆయన నాలుగింటికి వస్తాడు."

"నా పని..."

"నీ పనికేమైంది? కుర్చీ అక్కడే ఉందిగా."

అప్పుడు ఒంటిగంటన్నర. రెండు పెద్ద రీళ్ళ మీద ఫోను వంతెనలాగా పెట్టి, కింద కోటు పరిచాం. కుర్చీ గుమ్మం దగ్గరికి జరిపాం. ఫోన్లో పోగులు చూస్తూ నల్లదారం ఒక్కొక్కటే ఊడదీశాను. మా ఆడబిడ్డ గడప మీద నిలబడి రీళ్ళు ఒక్కొక్కటే కోటుకి ఆనించి చూసింది.

"ఇది కాదు, ఇది సిరా రంగు. ఇదీ కాదు, వంకాయ. ఇదిగో, ఇదీ నీ కోటు!" అంది. సూదికి ఎక్కించి, అలవాటుగా పంటి దాకా తీసుకెళ్ళి, నా వైపు చూసి ఆగిపోయింది.

"కొరుకు," అన్నాను. "ఇక నుంచి నీ ఇష్టం."

ఫోను వేడెక్కింది, నేనూ వేడెక్కాను. రెండుసార్లు వెలుగు తగ్గి కళ్ళు మూసుకోబోయింది, మా ఆడబిడ్డ వేలితో తట్టి లేపింది. పని ఆఖరి పోగు దాకా మాకు తోడున్నది అది. చవకదట! దాన్ని ఆ మాట అన్నవాళ్ళని నేను ఊరుకోను. మూడున్నరకి మాస్టారు కోటు గుమ్మంలోకి తీసుకెళ్ళారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. చిల్లి ఎక్కడుండేదని నన్నే అడిగారు. నా కడుపు నిండిపోయింది.

ఇక కోటు మడతపెడదామని, ఇంకెక్కడైనా పోగు లేచిందేమోనని ఫోను దాని మీద ఊరికే నడిపించాను. జేబు మీదుగా, మోచేతి మీదుగా, కుడి మణికట్టు దాకా. అక్కడ నా చెయ్యి ఆగింది.

మణికట్టు అంచున వేలెడు చిరుగు ఎవరో రఫ్ఫు చేశారు. ఉత్త కంటికి, మంచి కంటికి కూడా, కనబడదు. ఫోన్లో కనబడింది. పోగులు మేం అల్లినట్టు కుడికి కాకుండా ఎడమకి వాలి ఉన్నాయి. ప్రతి వరస చివరా పోగుని వెనక్కి తిప్పి రెండు పోగుల కింద దాచిపెట్టారు. అలా దాచే చెయ్యి నేను జన్మలో ఒక్కటే చూశాను. ఆ చేతి పక్కన కూర్చునే నేను పని నేర్చుకున్నాను.

"పాతదయ్యుంటుంది," అంది నా భుజం మీంచి వంగి చూసిన ఆడబిడ్డ. "వాళ్ళ నాన్నగారి రోజుల్లోది."

"కాదే. దారం చూడు, ఇంకా ఒక్క ఉతుకు కూడా చూడలేదు."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. క్లారినెట్ ఆయన వచ్చారు. కోటు అందుకుని గుండెల దగ్గర తడిమి, చిల్లి దొరక్క నవ్వేశారు. "ఏం చెయ్యనమ్మా, దణ్ణం పెట్టనా?" అన్నారు.

"దణ్ణం వద్దు, ఒక్క సంగతి చెప్పండి. ఈ మణికట్టు ఎవరు బాగుచేశారు?"

"అది కూడా కనిపెట్టారా! కిందటి నెల మా అక్కగారి ఊరు వెళ్ళినప్పుడు మేకు తగిలి చిరిగింది. అక్కడ ఒక పెద్దావిడ చేసి ఇచ్చారు. ఈసారి కూడా ఆవిడ దగ్గరికే వెళ్ళేవాణ్ణి, మరీ దూరం, కచేరీ రేపేనాయె. ఆవిడ కూడా మీలాంటి మనిషే. ఎడమచేత్తో కుడతారు. ఒకప్పుడు చూపు బాగా పోయిందట, ఆపరేషన్ చేయించుకున్నారట. ఇప్పుడైతే ఈగ కాళ్ళు కూడా లెక్కపెడతానని నవ్వారు."

మాస్టారు కత్తెర కింద పెట్టేశారు.

"ఆవిడ నంబరు ఉంది, కావాలా?" అన్నారు క్లారినెట్ ఆయన.

ఆయన చెబుతుంటే నేనే నొక్కాను, అరిగిన వేలితో, ఒక్కొక్క అంకే పైకి చదువుకుంటూ. కొత్త ఫోన్లో నా చేత్తో నేను నొక్కుకున్న మొదటి నంబరు అది. ఆకుపచ్చ గుర్తు మీద వేలు పెట్టాను. ఫోను ఈసారి నా వేలిని ఒప్పుకుంది.

ఒకసారి మోగింది. రెండోసారి. మా ఆడబిడ్డ నా చీర కొంగు పట్టుకుంది. నాలుగోసారి మోగుతుండగా అవతల చెక్క బల్ల మీద కత్తెర పెట్టిన చప్పుడైంది.

"ఆఁ, చెప్పండి. రఫ్ఫు పనేమైనా ఉందా?" అంది పెద్దమ్మ.

ఈ ఫోను గొంతు పెద్దదని ముందే చెప్పాను. మాస్టారికి వినబడింది, ఆడబిడ్డకి వినబడింది, మెట్ల దగ్గర ఆగిపోయిన క్లారినెట్ ఆయనకి కూడా వినబడింది. పక్కకి వెళ్ళి మాట్లాడదామని లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. ఆ రోజు ఆ మాట అందరి ముందూ అన్నాను. ఇవ్వాళ క్షమించమన్న మాట కూడా అందరి ముందే అనాలి.

"ఎవరమ్మా, పలకరేం?" అంది పెద్దమ్మ.

నేను నోరు తెరిచాను.